దూరంగా ఉన్న బ్రాంచి నెట్‌వర్క్ చూసుకోడానికి చిన్న బోర్డు పెడదామని... అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

కేబుల్‌చివర | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. 6 బ్రాంచిల నెట్‌వర్క్ నేనొక్కణ్ణే చూసుకుంటా. ఒక్కో చోట ఒక రౌటరు, ఒక స్విచ్చు, రెండు వైఫై యాక్సెస్ పాయింట్లు, అంతే, టెక్నికల్ మనిషి ఎవరూ ఉండరు. ఫోన్ చేసి నెట్ స్లోగా ఉంది అంటారు, రౌటర్ మీద లైట్లు ఎలా ఉన్నాయండీ అని అడిగితే అన్నీ వెలుగుతున్నాయి సార్ అంటారు, వాళ్ళ తప్పేం లేదు పాపం, వాళ్ళకి కనపడేది అదే. అన్నిట్లోకీ దూరంగా ఉన్న బ్రాంచిలో రోజూ మధ్యాహ్నం ఒక గంట నెట్ పాకుతుంది, నేను 4 గంటలు ప్రయాణం చేసి వెళ్ళేసరికి మామూలైపోతుంది, ఇప్పటికి మూడుసార్లు వెళ్ళా, మూడుసార్లూ ఉత్త చేతుల్తో వచ్చేసా. ప్రొవైడర్‌ని అడిగితే మా వైపు అంతా బాగానే ఉంది అంటారు, కాదు అని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

అందుకని అక్కడ ఒక చిన్న బోర్డు పెట్టేసి, నేను ఇక్కడ కూర్చునే అక్కడ లోపల ఏం జరుగుతోందో చూద్దామని. డ్రాయర్లో ఒక పాత రాస్ప్‌బెర్రీ పై 3బీ (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) పడి ఉంది. అది సరిపోతుందా? ఆ బ్రాంచికి పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరుకునే అడ్రస్) లేదు, మరి లోపలికి ఎలా వెళ్ళాలి? అందులో ఏమేం వేసుకుంటే మంచిది? చేసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

పాతస్విచ్ | సోమవారం, రాత్రి 11:15

మీ పనికి 3బీ బ్రహ్మాండంగా సరిపోతుంది, ముందు దానితోనే మొదలుపెట్టండి, కొత్తది కొనక్కర్లేదు.

నేను ఇలాంటివి చాలా ఏళ్ళుగా పెడుతున్నా. నా అనుభవంలో బోర్డు వల్ల వచ్చే అసలు లాభం ఏంటంటే అది నిద్రపోదు. మీరు వెళ్ళినప్పుడు సమస్య ఉండదు, మీరు లేనప్పుడు వస్తుంది, కాబట్టి అది వచ్చిన క్షణంలో అక్కడ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. అందుకని మొదటిరోజే స్మోక్‌పింగ్ (జవాబు రావడానికి పట్టే టైంని గ్రాఫ్ గీసే ప్రోగ్రాం) వేసేయండి, ఊరికే వదిలేస్తే 5 నిమిషాలకోసారి 20 పింగులు (ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్లు) కొడుతుంది, ఆ 5 నిమిషాలని 1 నిమిషానికి తగ్గించుకోండి. మూడు టార్గెట్లు పెట్టండి. ఒకటి బ్రాంచి రౌటరు, రెండోది ప్రొవైడర్ వైపు మొదటి హాప్ (దారిలో తగిలే మొదటి రౌటరు), మూడోది బయట ఎక్కడైనా నమ్మకమైన ఐపీ. సమస్య వచ్చినప్పుడు రౌటర్ పింగే పెరిగిందంటే తప్పు మీ గోడల లోపలే, కేబులో స్విచ్చో లూపో ఏదో ఒకటి. రౌటర్ బాగుండి మొదటి హాప్ పెరిగితే మీ లైన్ నిండిపోతోంది లేదా లైనే బాలేదు. రెండూ బాగుండి మూడోది ఒక్కటే చెడితే అప్పుడు ప్రొవైడర్‌తో మాట్లాడండి, అప్పుడు మీ చేతిలో గ్రాఫ్ ఉంటుంది కాబట్టి వాళ్ళు మాట్లాడే తీరే మారిపోతుంది.

వీలైతే నాలుగోది కూడా, డీఎన్ఎస్‌కి (సైటు పేరుని ఐపీగా మార్చేది) ఎంత టైం పడుతోందో. జనం నెట్ స్లో అనేవాటిలో చాలావరకు డీఎన్ఎస్ స్లోనే, నేను ఎన్నిసార్లు చూసానో లెక్కలేదు.

ప్యాకెట్‌పిచ్చి | సోమవారం, రాత్రి 11:38

పాతస్విచ్ గారు చెప్పినదానికి ఒక్క జాగ్రత్త కలుపుతా. 3బీలో ఈథర్నెట్ 100 మెగాబిట్లే, అదీ యూఎస్‌బీ 2.0 మీదే వేలాడుతూ ఉంటుంది. ఐపర్ఫ్3 (వేగం కొలిచే ప్రోగ్రాం) కొడితే బాగా వస్తే 94 దగ్గర ఆగుతుంది. మీ లైన్ 200 ఉంటే బోర్డు 94 చూపించింది కదా అని ప్రొవైడర్ మీదకి వెళ్ళకండి, అది బోర్డు హద్దు, లైన్ తప్పు కాదు. 3బీ ప్లస్ (2018లో వచ్చింది) గిగాబిట్ అని రాసి ఉంటుంది గానీ అదీ యూఎస్‌బీ 2.0 గుండానే కాబట్టి 300 దాటదు. నిజమైన గిగాబిట్ కావాలంటే 2019లో వచ్చిన పై 4 నుంచి.

పై జీరో డబ్ల్యూ చిన్నగా ముద్దుగా ఉంటుంది కదా అని కొందరు దాన్ని పెడతారు. అందులో ఈథర్నెట్ పోర్టే లేదు, వైఫై 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, అంటే 5 గిగాహెర్ట్జ్‌లో సమస్య ఉంటే దానికి కనపడనే కనపడదు. రెండు పోర్టులు కావాలంటే నానోపై ఆర్2ఎస్ లాంటివి చూడండి, రెండూ గిగాబిట్టే.

ఇంకోటి, ఎంటీఆర్ (దారిలో ఒక్కో హాప్‌కీ పింగ్ కొట్టి చూపించేది) చూసేటప్పుడు మధ్యలో ఒక హాప్‌లో 60 శాతం లాస్ (జవాబు రాని ప్యాకెట్లు) కనపడగానే కంగారు పడొద్దు. ఆ తర్వాతి హాపుల్లో లాస్ సున్నా ఉంటే ఆ మధ్య రౌటరు మన పింగులకి జవాబివ్వడం తగ్గించుకుంది అంతే, ట్రాఫిక్ మాత్రం సుబ్బరంగా పోతోంది. లాస్ ఒక చోట మొదలై చివరిదాకా అలాగే కొనసాగితేనే లెక్క.

రాత్రిషిఫ్ట్ | మంగళవారం, తెల్లవారుజాము 2:20

లోపలికి ఎలా వెళ్ళాలి అన్నదానికి నేను చెప్తా. రౌటర్ బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉందంటే మీరు ప్రొవైడర్ నాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచేది) వెనకాల ఉన్నట్టు, అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఉపయోగం లేదు. కాబట్టి బోర్డే బయటికి వచ్చి మీ దగ్గర పబ్లిక్ ఐపీ ఉన్న ఒక సర్వర్‌ని పట్టుకుని కూర్చోవాలి, మీరు ఆ దారిలో వెనక్కి వెళ్తారు.

నేను రెండు దారులు పెడతా, ఎప్పుడూ రెండు. ఒకటి వైర్‌గార్డ్ (వీపీఎన్), కీప్‌అలైవ్ (పని లేకపోయినా పంపే చిన్న ప్యాకెట్) 25 సెకన్లు పెడితే నాట్‌లో ఆ రంధ్రం మూసుకుపోకుండా ఉంటుంది. రెండోది ఆటోఎస్ఎస్‌హెచ్‌తో (ఎస్ఎస్‌హెచ్ తెగితే మళ్ళీ కలిపేది) రివర్స్ టన్నెల్, సర్వర్ వైపు 443 పోర్టు మీద, ఎందుకంటే కొన్ని చోట్ల యూడీపీ మొత్తం ఆపేస్తారు గానీ 443 టీసీపీని ఎవరూ ఆపరు. రివర్స్ టన్నెల్‌లో సర్వర్అలైవ్ఇంటర్వెల్ 30 పెట్టి, ఎగ్జిట్ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్ ఎస్ అని తప్పకుండా పెట్టండి. లేకపోతే లైన్ తెగి మళ్ళీ వచ్చినప్పుడు సర్వర్ మీద పాత సెషన్ ఇంకా ఆ పోర్టుని పట్టుకునే ఉంటుంది, కొత్త కనెక్షన్ లేచినట్టే కనిపిస్తుంది గానీ టన్నెల్ ఉండదు, బయటి నుంచి చూస్తే అంతా బాగుంది, లోపలికి మాత్రం వెళ్ళలేరు. దీని మీద నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నా.

టెయిల్‌స్కేల్ (వైర్‌గార్డ్ మీదే కట్టిన రెడీమేడ్ సర్వీసు) వాడినా పనైపోతుంది, సెటప్ చాలా తేలిక. నాకు మాత్రం నా చేతిలో ఉన్న సర్వరే ఇష్టం.

తాళంచెవి | మంగళవారం, ఉదయం 8:05

అందరూ ఎలా పెట్టాలో చెప్తున్నారు, అసలు పెట్టే ముందు రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోండి అని ఎవరూ అనట్లేదు, అందుకే రాస్తున్నా.

మీరు పెట్టబోయేది ఆఫీసు లోపలి నుంచి బయటికి ఒక దారి. మీ చేతిలో ఉంటే అది పనిముట్టు, ఇంకొకడి చేతిలో పడితే తలుపే. నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో 2018 ఏప్రిల్లో బయటపడిన చొరబాటు సరిగ్గా ఇదే, పర్మిషన్ లేకుండా నెట్‌వర్క్‌కి తగిలించిన ఒక రాస్ప్‌బెర్రీ పై గుండా లోపలికి దూరారు, సుమారు 500 మెగాబైట్ల డేటా తీసుకుపోయారు, దాదాపు 10 నెలలు ఎవరూ కనిపెట్టలేదు. 2019 జూన్‌లో వాళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్ రిపోర్టులో ఇదంతా ఉంది. అంత పెద్ద చోటే అలా జరిగింది, మన బ్రాంచిలో పరికరాల లిస్టు ఎవడు చూస్తాడు చెప్పండి.

కాబట్టి బోర్డుని ఆస్తుల రిజిస్టర్లో ఎక్కించండి. డబ్బా మీద స్టిక్కర్ అంటించి ఎవరిది, దేనికి, ఎవరికి ఫోన్ చెయ్యాలి అని పెద్ద అక్షరాలతో రాయండి. పాస్‌వర్డ్ లాగిన్ తీసెయ్యండి, కీ ఒక్కటే. 2022 ఏప్రిల్‌కి ముందు ఇమేజ్ (కార్డు మీద వేసే సిస్టమ్ కాపీ) అయితే ‘పై’ అనే పేరుతో డిఫాల్ట్ యూజర్ ఉంటుంది, దాన్ని తీసెయ్యండి. రివర్స్ టన్నెల్‌కి వాడే కీకి సర్వర్ మీద షెల్ ఇవ్వొద్దు, రిస్ట్రిక్ట్ పెట్టి పోర్ట్ ఫార్వర్డింగ్ ఒక్కటే వదలండి, రేపు ఎవరైనా బోర్డు ఎత్తుకెళ్ళి మెమరీ కార్డు తీసినా మీ సర్వర్లోకి రాలేరు. రౌటర్లో కూడా ఆ బోర్డు బయటికి వెళ్ళే పోర్టులు కావలసినవే వదిలి మిగతావి కట్టెయ్యండి.

కొత్తగా_చేరా | మంగళవారం, ఉదయం 9:30

అన్నా ఒక డౌట్, ఏమనుకోవద్దు. అక్కడ ఎలాగూ కంప్యూటర్లు ఉంటాయి కదా, ఏదో ఒకదాంట్లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్ళి పింగ్ కొడితే సరిపోదా?

పాతస్విచ్ | మంగళవారం, ఉదయం 9:52

మంచి ప్రశ్నే తమ్ముడూ, అందరూ అక్కడే మొదలుపెడతారు. సాయంత్రం ఆ కంప్యూటర్ ఆపేసి ఇంటికి వెళ్తారు, రాత్రి ఏం జరిగిందో తెలీదు. పగలు దాని మీద ఒక మనిషి పని చేసుకుంటూ ఉంటాడు, నువ్వు ప్యాకెట్ క్యాప్చర్ పెడితే అతని పని ఆగుతుంది. పైగా సమస్య ఆ కంప్యూటర్‌లోనే ఉంటే? బోర్డు అయితే ఎవరి పనీ చెయ్యదు, కదలదు, నిన్న కొలిచిన చోటే ఈ రోజూ కొలుస్తుంది, అందుకే దాని అంకెల్ని పోల్చుకోవచ్చు.

సోల్డర్‌వాసన | మంగళవారం, మధ్యాహ్నం 1:10

బోర్డు సంగతి నేను చూస్తా. పోయిన బోర్డుల్లో నా దగ్గరకి బాగుచేయమని వచ్చేవాటిలో బోర్డు పాడైనవి బహు తక్కువ, ఎక్కువ భాగం రెండే: కరెంటు, మెమరీ కార్డు.

కరెంటు: పాత ఫోన్ ఛార్జర్, సన్నటి పొడుగు కేబులు పెడతారు. బోర్డు దగ్గర ఓల్టేజి 4.63 కన్నా పడిందంటే అది అండర్ ఓల్టేజ్ అని రాసుకుంటుంది. వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్ అనే కమాండ్ కొట్టండి, 0ఎక్స్0 వస్తే హాయి, 0ఎక్స్50000 వచ్చిందంటే బూట్ అయినప్పటి నుంచి ఎప్పుడో ఒకసారి ఓల్టేజి పడింది అని, చివర్లో కూడా 5 ఉంటే ఇప్పుడు కూడా పడే ఉంది అని. కేబుల్ పొట్టిగా లావుగా ఉన్నది పెట్టండి. మీ స్విచ్చు పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటు ఇచ్చేది) అయితే 3బీకి స్ప్లిట్టర్ పెట్టొచ్చు, 802.3ఏఎఫ్ పోర్టు నుంచి బోర్డు వైపుకి 12.95 వాట్లు వస్తాయి, ఎక్కువే. అప్పుడు ఇంకో లాభం, బోర్డు హ్యాంగ్ అయితే స్విచ్చులోకి వెళ్ళి ఆ పోర్టుకి కరెంటు తీసి ఇవ్వొచ్చు.

కార్డు: రోజంతా లాగులు రాస్తూ ఉంటే కార్డు అరిగిపోతుంది, కరెంటు పోయిన క్షణంలో రాస్తూ ఉంటే ఫైల్‌సిస్టమే చెడుతుంది. రాస్పీ-కాన్ఫిగ్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) ఓవర్‌లే ఫైల్‌సిస్టమ్ ఆన్ చేస్తే రాసేవన్నీ మెమరీలోనే ఉంటాయి, కార్డు ముట్టుకోదు, ఎన్నిసార్లు కరెంటు పీకినా మళ్ళీ అదే స్థితిలో లేస్తుంది. గ్రాఫుల డేటాని మీ సర్వర్‌కి పంపించెయ్యండి.

హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ కూడా ఆన్ చెయ్యండి, దాని గరిష్ఠం 15 సెకన్లు, అంతసేపు కెర్నెల్ ఉలుకూ పలుకూ లేకపోతే బోర్డు తనే రీబూట్ అవుతుంది.

కేబుల్‌చివర | బుధవారం (తర్వాతి వారం), సాయంత్రం 6:40

ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు, అందరికీ పేరుపేరునా థాంక్స్. మేనేజర్ దగ్గర మెయిల్‌లో పర్మిషన్ తీసుకుని శనివారం వెళ్ళి పెట్టి వచ్చా. రాక్‌లో స్విచ్చు పక్కన, స్టిక్కర్ అంటించి.

సోమవారం మధ్యాహ్నం గ్రాఫ్ చూస్తుంటే కళ్ళముందే వచ్చింది. బ్రాంచి రౌటర్ పింగ్ 1 మిల్లీసెకను లోపే, గీత గీసినట్టు. ప్రొవైడర్ మొదటి హాప్ మామూలుగా 8, 9 ఉండేది 3:10కి ఒక్కసారి 600కి లేచింది, 900 దాకా వెళ్ళింది, 4:20కి మళ్ళీ 8కి పడిపోయింది. మంగళవారం అదే. ఈ రోజూ అదే, టైం కూడా నిమిషం అటూ ఇటూ. లాస్ మాత్రం దాదాపు లేదు. నేను మూడుసార్లు వెళ్ళినప్పుడూ సాయంత్రం 5 తర్వాతే చేరుకున్నా అని ఇప్పుడు వెలిగింది.

బోర్డులో టీసీపీడంప్ (వచ్చీపోయే ప్యాకెట్లని చూపించేది) పెట్టి ఎవరు వాడుతున్నారో చూద్దామంటే నా సొంత ట్రాఫిక్, కాసిని బ్రాడ్‌కాస్టులు తప్ప ఏం కనపడట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నా?

ప్యాకెట్‌పిచ్చి | బుధవారం, సాయంత్రం 7:05

తప్పేం చెయ్యట్లేదు, స్విచ్చు అలాగే ఉంటుంది, మీ పోర్టుకి మీ ట్రాఫిక్కే పంపిస్తుంది. రౌటర్‌కి వెళ్ళే పోర్టుని మిర్రర్ చెయ్యాలి, అంటే దాని ట్రాఫిక్ కాపీని ఇంకో పోర్టుకి పంపాలి. కానీ ఆగండి, ఇది చదివాకే చెయ్యండి. చాలా స్విచ్చుల్లో మిర్రర్ డెస్టినేషన్‌గా పెట్టిన పోర్టులోంచి మామూలు ట్రాఫిక్ పోదు. మీ బోర్డుకి ఉన్న ఒకే ఒక్క పోర్టుని మిర్రర్ డెస్టినేషన్ చేసారంటే మీరు ఎక్కిన కొమ్మనే నరుక్కున్నట్టు, దూరం నుంచి చేస్తే మళ్ళీ 4 గంటల ప్రయాణమే. ఒక యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టర్ కొరియర్‌లో పంపించి అక్కడివాళ్ళతో తగిలించండి, దానికి ఐపీ ఇవ్వొద్దు, ఊరికే అప్ చెయ్యండి, మిర్రర్ అటు పంపండి.

క్యాప్చర్ చేసేటప్పుడు ఒక్కో ప్యాకెట్‌కి మొదటి 96 బైట్లు చాలు, ఎవరు ఎవరితో ఎంత అన్నది హెడర్లో తెలిసిపోతుంది, జనం రాసుకునేది మనం చదవక్కర్లేదు, చదవకూడదు కూడా. ఫైల్ సైజుకి, ఫైళ్ళ సంఖ్యకి హద్దు పెట్టండి, పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది, లేకపోతే ఓవర్‌లే పెట్టాక ఉన్న 1 జీబీ మెమరీ నిండి బోర్డు కూలబడుతుంది. అసలు ముందు ఐఎఫ్‌టాప్ (ఎవరు ఎంత వాడుతున్నారో అప్పటికప్పుడు చూపించేది) చూడండి, బహుశా అదే చాలు.

రౌటర్ బాగుండి మొదటి హాప్ అంతలా లేచి లాస్ లేదంటే నా పందెం అప్‌లోడ్ నిండిపోతోందని. మోడెమ్‌లోనో రౌటర్‌లోనో ఉన్న పెద్ద బఫర్లో ప్యాకెట్లు క్యూలో నిలబడిపోతాయి, మాయమవ్వవు, లేటవుతాయి.

కొత్తగా_చేరా | బుధవారం, రాత్రి 9:14

మధ్యలో దూరుతున్నందుకు సారీ, మా దగ్గర కూడా ఒకటి పెట్టా. కొన్ని సైట్లు వెంటనే తెరుచుకుంటాయి, కొన్ని సగంలో తిరుగుతూనే ఉంటాయి, పింగ్ మాత్రం అన్నిటికీ బాగుంది. ఏం చూడాలి?

ప్యాకెట్‌పిచ్చి | బుధవారం, రాత్రి 9:26

పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) కనెక్షనా? అయితే దాని ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492. పింగ్‌ని ముక్కలు చేయొద్దు అన్న ఆప్షన్‌తో సైజు 1464 కొట్టు, అది పోయి 1472 పోకపోతే 1492 దగ్గర ఆగుతోందని అర్థం (పైన 28 బైట్లు హెడర్లు). అలా ఆగడం తప్పు కాదు, ఆగినప్పుడు ప్యాకెట్ పెద్దదైంది అని చెప్పే ఐసీఎంపీ మెసేజ్‌ని మధ్యలో ఎవరో ఫైర్‌వాల్లో మింగేస్తేనే ఇలా వేలాడుతుంది. రౌటర్‌లో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (రెండు వైపులూ ముందే చిన్న ప్యాకెట్లకి ఒప్పుకునేలా చేసేది) ఆన్ చెయ్యి. మామూలు పింగ్ 56 బైట్లే కాబట్టి అది ఎప్పుడూ బాగానే పోతుంది, దాన్ని నమ్మి మోసపోకు.

కొత్తగా_చేరా | బుధవారం, రాత్రి 10:02

1464 పోయింది, 1472 పోలేదు. క్లాంపింగ్ ఆన్ చేసా, అన్నీ తెరుచుకుంటున్నాయి!! రెండు నెలలుగా బ్రౌజర్ మారుస్తూ కూర్చున్నాం అన్నా.

కేబుల్‌చివర | మంగళవారం, సాయంత్రం 5:30

దొరికింది. అడాప్టర్ నిన్న చేరింది, ఈ రోజు 3:10కి ఐఎఫ్‌టాప్ ఓపెన్ చేసి కూర్చున్నా. సరిగ్గా టైంకి ఒకే ఒక్క ఐపీ పైకి లేచింది, అప్‌లోడ్ మొత్తం అదే తినేస్తోంది. మ్యాక్ అడ్రస్ పట్టుకుని స్విచ్చులో ఏ పోర్టో చూస్తే కెమెరాల రికార్డరు. ఎవరో దాంట్లో రోజూ ఆ టైంకి రికార్డింగులు క్లౌడ్‌కి ఎక్కించేలా సెట్ చేసి పెట్టారు. రాత్రి 1 గంటకి మార్చా, రౌటర్లో అప్‌లోడ్ క్యూకి కేక్ (క్యూ పెరక్కుండా అందరికీ వంతులు పంచేది) ఆన్ చేసి లైన్ వేగంలో 90 శాతం దగ్గర హద్దు పెట్టా. ప్రొవైడర్ తప్పేం లేదు, వాళ్ళకి ఫోన్ చేసి ఆ మాట కూడా చెప్పా.

ఇక బోర్డు అక్కడే శాశ్వతంగా ఉంచుతున్నా. ఈ రోజు ఓవర్‌లే ఆన్ చేసా, తర్వాత తాళంచెవి గారు చెప్పినట్టు రౌటర్లో బోర్డు బయటికి వెళ్ళేవి కట్టేసా, డీఎన్ఎస్, 443, వైర్‌గార్డ్ పోర్టు ఇవి మూడే వదిలా.

కేబుల్‌చివర | శనివారం (11 రోజుల తర్వాత), ఉదయం 7:20

అర్జెంటుగా ఒక సాయం కావాలి. నిన్న రాత్రి బ్రాంచిలో కరెంటు పోయి వచ్చింది. నెట్ బాగుంది, అందరూ పని చేసుకుంటున్నారు. బోర్డు మాత్రం వైర్‌గార్డ్‌లో లేవట్లేదు, సర్వర్ వైపు చివరి హ్యాండ్‌షేక్ (రెండు వైపులూ కీలు చూసుకుని కలవడం) 9 గంటల క్రితం అని చూపిస్తోంది. కీలు మార్చలేదు, ఏమీ మార్చలేదు. బోర్డు నుంచి ప్యాకెట్లు సర్వర్‌కి వస్తున్నాయి, టీసీపీడంప్‌లో కనపడుతున్నాయి, సర్వర్ జవాబివ్వట్లేదు అంతే.

రాత్రిషిఫ్ట్ | శనివారం, ఉదయం 7:31

రెండో దారి ఉందా? ఎస్ఎస్‌హెచ్ రివర్స్ టన్నెల్ లేచిందా చూడండి. లేస్తే లోపలికి వెళ్ళి మొట్టమొదట డేట్ అని కొట్టండి.

కేబుల్‌చివర | శనివారం, ఉదయం 7:36

టన్నెల్ లేచే ఉంది, లోపలికి వెళ్ళా. డేట్ 11 రోజుల కిందటి మంగళవారం చూపిస్తోంది!! నేను ఓవర్‌లే ఆన్ చేసిన రోజు.

రాత్రిషిఫ్ట్ | శనివారం, ఉదయం 7:58

అనుకున్నా. ఇదెలా జరిగిందో విడమరిచి చెప్తా, ఇది తెలీక బోర్డులు విప్పి కొత్తవి పెట్టినవాళ్ళని చూసా.

పై 4 దాకా ఏ పైలోనూ గడియారం ఉండదు, కరెంటు పోతే టైం పోతుంది. అందుకని సాఫ్ట్‌వేర్ అప్పుడప్పుడు టైంని కార్డు మీద ఒక ఫైల్లో రాసుకుంటుంది, లేవగానే అక్కడి నుంచి మొదలుపెట్టి ఎన్‌టీపీతో (నెట్ నుంచి టైం తెచ్చేది) సరిచేసుకుంటుంది. మీరు ఓవర్‌లే పెట్టారు, ఆ ఫైల్ కూడా ఆ రోజుకే గడ్డకట్టేసింది. బయటికి మూడు పోర్టులే వదిలారు, ఎన్‌టీపీకి కావలసిన యూడీపీ 123 అందులో లేదు. కరెంటు ఉన్నన్నాళ్ళూ గడియారం నడుస్తూనే ఉంది కాబట్టి మీకు తెలీలేదు, నిన్న రాత్రి రీబూట్ అయింది, 11 రోజులు వెనక్కి వెళ్ళిపోయింది.

ఇక వైర్‌గార్డ్. హ్యాండ్‌షేక్ మొదలుపెట్టే ప్రతి మెసేజ్‌లో ఒక టైమ్‌స్టాంప్ ఉంటుంది, సర్వర్ ఒక్కో పీర్ నుంచి చూసిన అన్నిట్లోకీ కొత్త టైమ్‌స్టాంప్ గుర్తుపెట్టుకుంటుంది, దానికన్నా పాతది వస్తే ఎవరో పాత ప్యాకెట్‌ని మళ్ళీ పంపిస్తున్నారనుకుని చప్పుడు చెయ్యకుండా పారేస్తుంది. మీ బోర్డు నిజాయితీగానే మాట్లాడుతోంది గానీ 11 రోజుల కిందటి తేదీతో. ఎస్ఎస్‌హెచ్ మామూలు కీలకి టైం చూడదు, అందుకే ఆ దారి బతికింది.

ఇప్పుడు చేత్తో డేట్ సెట్ చెయ్యండి, నిమిషంలో లేస్తుంది. తర్వాత 123 తెరవండి, ఇంకా మంచిది బ్రాంచి రౌటర్నే ఎన్‌టీపీ సర్వర్‌గా పెట్టి బోర్డుని దాన్ని అడగమనండి, బయటికి తెరవక్కర్లేదు.

కేబుల్‌చివర | శనివారం, ఉదయం 8:04

లేచింది. డేట్ సెట్ చేసిన 10 సెకన్లలోపే. రెండు దారులు పెట్టండి అని మీరు ఆ రోజు రాసుండకపోతే ఇప్పుడు నేను బస్సులో ఉండేవాణ్ణి. చాలా చాలా థాంక్స్ అండీ.

తాళంచెవి | శనివారం, ఉదయం 9:15

పోర్టులు కట్టెయ్యమని చెప్పింది నేను, 123 సంగతి చెప్పకపోవడం నా పొరపాటు. అందరూ ఆ లిస్టులో ఎన్‌టీపీ కలుపుకోండి. గడియారం తప్పితే టీఎల్ఎస్ సర్టిఫికెట్లు కూడా ఇంకా చెల్లుబాటులోకి రాలేదు అని ఎర్రర్లు ఇస్తాయి.

సోల్డర్‌వాసన | శనివారం, ఉదయం 11:40

దీనికి పక్కా మందు డీఎస్3231 గడియారం మాడ్యూలు. ±2 పీపీఎం, అంటే ఏడాదికి నిమిషం తేడా. ఐ2సీ పిన్నుల మీద కూర్చుంటుంది, కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైన్ చాలు. జాగ్రత్త ఏంటంటే చవక మాడ్యూళ్ళు కొన్నిటిలో రీఛార్జి బ్యాటరీ కోసం ఛార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది, అందులో మామూలు సీఆర్2032 వేసి 5 ఓల్టులు ఇస్తే ఆ సెల్‌ని ఛార్జ్ చేయడానికి చూస్తుంది, ప్రమాదం. 3.3 ఓల్టుల పిన్ను నుంచే ఇవ్వండి. పై 5లో గడియారం లోపలే ఉంది, బ్యాటరీ మాత్రం విడిగా పెట్టుకోవాలి.

రాత్రిషిఫ్ట్ | శనివారం, రాత్రి 11:50

శాశ్వతంగా ఉంచుతున్నారు కాబట్టి ఇంకో రెండు విషయాలు. ఇప్పటిదాకా మీ రెండు దారులూ ఒకే లైన్ మీద పోతున్నాయి, ఆ లైన్ తెగితే రెండూ పోతాయి, సరిగ్గా మీకు బోర్డు కావలసిన రోజున. ఒక 4జీ యూఎస్‌బీ మోడెమ్ తగిలించి దాని రూట్‌కి మెట్రిక్ (ఎంత ఎక్కువైతే ఆ దారి అంత వెనక) ఎక్కువ పెట్టండి, మెయిన్ లైన్ ఉన్నంతసేపు దాన్ని ముట్టుకోదు. మోడెమ్ సిగ్నల్ వెతికేటప్పుడు కరెంటు బాగా లాగుతుంది, సొంత పవర్ ఉన్న హబ్ గుండా పెట్టండి.

రెండోది యూఎస్‌బీ సీరియల్ కేబులు, బోర్డు నుంచి స్విచ్చు కన్సోల్ పోర్టుకి. నేను ఒకసారి రాత్రి 1:30కి ట్రంక్ పోర్టులో (అన్ని విలాన్లూ కలిసి పోయే పోర్టు) విలాన్ (ఒకే స్విచ్చులో విడివిడి నెట్‌వర్కులు) లిస్టు మార్చబోయి, కలపాల్సింది పోయి ఉన్నదంతా తీసేసా. ఎంటర్ కొట్టా, కర్సర్ అక్కడే ఆగిపోయింది. మొత్తం బ్రాంచి పోయింది. 4జీ మీద బోర్డులోకి వచ్చి మినీకామ్ (సీరియల్ కేబులు మీద మాట్లాడే ప్రోగ్రాం) తెరిచా, వేగం 9600, నల్లటి స్క్రీన్, ఏమీ లేదు, ఎంటర్ ఒకసారి నొక్కా ఏం లేదు, రెండోసారి నొక్కితే స్విచ్చు పేరు, పక్కన ప్రాంప్ట్ వచ్చింది. ఆ ఒక్క లైన్ చూసి కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకున్నా. 4 నిమిషాల్లో అంతా మామూలు, ఉదయం వచ్చినవాళ్ళకి తెలీనే తెలీదు.

బోర్డు సొంత నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే ముందు మాత్రం 5 నిమిషాల్లో రీబూట్ అని షెడ్యూల్ చేసి అప్పుడు మార్చండి. బాగుంటే క్యాన్సిల్ చెయ్యండి, తెగిపోతే ఓవర్‌లే ఉంది కాబట్టి రీబూట్ అయ్యి పాత సెట్టింగులతో తనే తిరిగొస్తుంది.

సోల్డర్‌వాసన | ఆదివారం, ఉదయం 8:22

సీరియల్‌కి యూఎస్‌బీ కేబులే వాడండి, పై పిన్నుల మీద ఉన్న సీరియల్‌ని నేరుగా కన్సోల్‌కి కలపొద్దు. పిన్నులు 3.3 ఓల్టులవి, ఆర్ఎస్-232లో ప్లస్ మైనస్ 12 దాకా రావచ్చు, బోర్డు అక్కడికక్కడే పోతుంది.

రౌటర్‌ని రీస్టార్ట్ చేయడానికి రిలే పెట్టేవాళ్ళు నార్మల్లీ క్లోజ్డ్ (రిలేకి కరెంటు లేనప్పుడు కలిసే ఉండే) వైపు కలపండి, అప్పుడు బోర్డు చచ్చిపోయినా రౌటర్‌కి కరెంటు ఆగదు. మెయిన్స్ వైపు కాకుండా అడాప్టర్ తర్వాత 12 ఓల్టుల డీసీ వైపు పెట్టుకోండి.

కేబుల్‌చివర | గురువారం, రాత్రి 9:10

అప్‌డేట్. నిన్న మళ్ళీ బ్రాంచికి వెళ్ళొచ్చా, ఈసారి పని పెట్టుకునే వెళ్ళా. గడియారం మాడ్యూలు 3.3 పిన్ను మీద పెట్టా, ఎన్‌టీపీ రౌటర్ నుంచి, 4జీ మోడెమ్ హబ్ మీద, కన్సోల్ కేబులు స్విచ్చుకి. అక్కడే నిలబడి మూడు రకాలుగా పీకి చూసా. బోర్డు కరెంటు పీకా, 50 సెకన్లలో వైర్‌గార్డ్ లేచింది, తేదీ కరెక్ట్. మెయిన్ లైన్ పీకా, ఫోన్ నుంచి చూస్తే 2 నిమిషాల తర్వాత 4జీ మీద దొరికింది. రౌటర్లో కావాలనే ఎన్‌టీపీ ఆపి బోర్డు రీబూట్ చేసా, అప్పుడూ లేచింది. అండర్ ఓల్టేజ్ మొదట 0ఎక్స్50000 వచ్చింది, కేబుల్ మార్చాక 0ఎక్స్0.

మధ్యాహ్నం స్లో అన్న ఫోన్ రెండు వారాలుగా రాలేదు. మిగతా 5 బ్రాంచిలకి కూడా పెట్టమని మేనేజర్ ఒప్పుకున్నారు.

పాతస్విచ్ | గురువారం, రాత్రి 9:33

చాలా సంతోషం. మిగతా అయిదూ మొదలుపెట్టే ముందు ఈ కార్డుని ఇమేజ్ తీసి పెట్టుకోండి, కాపీ చేసేటప్పుడు వైర్‌గార్డ్ కీ, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు, హోస్ట్‌నేమ్ బోర్డుకొకటి కొత్తగా పుట్టించండి. ఒకే వైర్‌గార్డ్ కీతో రెండు బోర్డులు లేస్తే సర్వర్ ఇద్దర్నీ ఒక్కరే అనుకుని ఒకసారి ఇటూ ఒకసారి అటూ లాగుతుంది, రెండూ తెగుతూ అతుకుతూ ఉంటాయి.

కేబుల్‌చివర | గురువారం, రాత్రి 9:41

మంచి మాట చెప్పారు, రేపు అదే కాపీ చెయ్యబోతున్నా. కీలు మొదటి బూట్‌లోనే కొత్తగా పుట్టేలా స్క్రిప్ట్ రాసి, రెండు కార్డులు చేసి ఇక్కడే టేబుల్ మీద పక్కపక్కన లేపి చూసాకే పంపిస్తా.